మహమ్మారి నాటి పిల్లల ఆసుపత్రి

అంటువ్యాధి వచ్చినపుడు వైద్యుడు చెప్పు మొదటి మాట వేరుచేయుడని. రోగిని ఆరోగ్యవంతులనుండి వేరుచేయవలెను. ఇల్లు ఇంటినుండి, ఊరు ఊరినుండి ఎడముగా నుండవలెను. పసిబిడ్డ జబ్బుపడినపుడు అదే వైద్యుడు చెప్పు మొదటి మాట తల్లిని పిలువుడని. పాలిచ్చునది ఆమె, మందు మ్రింగించునది ఆమె, అర్ధరాత్రివేళ బిడ్డ డొక్క లెగురవేయుచున్నదని ముందుగా కనిపెట్టునది ఆమె. ఈ రెండు మాటలును మంచివే. కాని మహమ్మారి దినములలో ఈ రెండును ఒకే మంచముకడ ఎదురుపడును. అప్పుడు పిల్లల ఆసుపత్రి ఏమి చేసినది? ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేయబూనితిని.

నేను కంకిపాడు వాడను. బెజవాడనుండి బందరు పోవు బాటమీద ఉన్న మాకు పెద్దాసుపత్రి యనగా బెజవాడయే. బిడ్డకు జ్వరము కాచినచో వెంటనే బెజవాడ కెత్తికొని పోవలెనా, రెండు నాళ్ళు చూడవలెనా యను తీర్పు మా యిండ్లలో చాల సారులు తలిదండ్రులది కాదు; అరుగుమీది తాతగారిది, వసారాలోని నాయనమ్మగారిది. కావున ఈ చరిత్ర డాక్టర్లకంటె మీకే ఎక్కువగా కావలసినది.

మన పూర్వుల ఆచారము నొకదానిని ముందుగా తలచుకొందము. బిడ్డకు ఆటలమ్మ పోసినచో గుమ్మమునకు వేపమండలు కట్టుట మీరెఱిగినదే. ఆ మండలను చూచిన పరాయివాడు గడప దాటడు. ఆ యింటివారును పెండ్లికి పేరంటమునకు పోరు. లోపల మాత్రము తల్లియో, అమ్మమ్మయో బిడ్డను విడువక కూర్చుండును. ఇందు భక్తి యెంతయో, భయ మెంతయో నేను విచారింపను. అందలి యేర్పాటును మాత్రము గమనింపుడు. బిడ్డయు తల్లియు కలిసి వేరైరి. తలుపు ఊరికి మూసిరి గాని తల్లికి మూయలేదు. ఈ కొలది విషయమును గ్రహించుటకు పడమటి దేశముల గొప్ప ఆసుపత్రులకు నూఱేండ్లకు పైగా పట్టినది.

పిల్లలకు ప్రత్యేకమైన ఆసుపత్రి 1802 లో పారిసు నగరమున వెలసెను. లండనులో చార్లెస్ వెస్టు అను వైద్యుడు 1852 ఫిబ్రవరి 14 న పది మంచములతో గ్రేట్ ఆర్మండు వీథియందు మఱొకటి తెఱచెను. పెద్దల వార్డులో మూలబడి యుండు బిడ్డకు తనదైన చోటు దొరకుట మేలే. కాని పిల్లల నొక్కచోట చేర్చుటతో వారి జబ్బులును ఒక్కచోట చేరినవి. కాలు విఱిగి వచ్చిన బిడ్డకు ప్రక్క మంచపు బిడ్డనుండి పొంగు తగిలి ప్రాణముమీదికి వచ్చిన దినములవి. 19 వ శతాబ్ది చివర పారిసు పిల్లల ఆసుపత్రియందు గ్రాంషే అను వైద్యుడు మంచములచుట్టు తీగెతెరలు నిలిపెను. తెరలోనికి పోవు నర్సు పై అంగీ తొడుగుకొనవలెను. వెలుపలికి వచ్చునపుడు చేతులు కడుగుకొనవలెను. పొంగువంటి జబ్బులు సైతము చేతులవలనను, తాకుడు వలననే పోవునని ఆయన తలచెను. గాలివలన పోవు రోగములును కలవని మనకిప్పుడు తెలియును. ఐనను చేతులు కడుగుట, అంగీ మార్చుట అను రెండు నియమములును నేటికిని నిలిచియున్నవి.

అంతటితో ఆగిన బాగుండెడిది. తలిదండ్రులును అంటు మోసికొని వత్తురని వారిని గుమ్మము వెలుపల నిలిపిరి. ఇంగ్లండు దేశమున పెక్కు ఆసుపత్రులు 20 వ శతాబ్ది నడిమివఱకును వారమున కొకటి రెండు పూటలు మాత్రమే తల్లిని రానిచ్చెడివి. బిడ్డ యేడ్చి యేడ్చి, తుదకు ఏడుపు మాని గోడవైపు తిరిగి పండుకొనిన, వార్డునకు అలవాటుపడెనని సంతోషించెడివారు. అది అలవాటు కాదు, ఆశ వదలుకొనుట. న్యూకాసిల్ పట్టణమున జేమ్సు స్పెన్సు అను వైద్యుడు 1925 నుండి ఒక చిన్న శిశువైద్యశాలలో తల్లులను బిడ్డలతోకూడ ఉంచి, వారిచేతనే ఉపచారములు చేయించెను. ఐనను తల్లిదండ్రులను వేళ నిర్బంధము లేక రానీయవలెనని ప్లాట్ అను నాయన అధ్యక్షతనున్న సంఘము బ్రిటిషు ప్రభుత్వమునకు నివేదించుటకు 1959 రావలసివచ్చెను. మన ప్రభుత్వాసుపత్రులలో ఈ తగవు అంతగా పుట్టలేదు. నర్సులు కొద్ది, తల్లి మంచముప్రక్క చాప పఱచుకొని కూర్చుండనిదే మన పిల్లల వార్డు నడువదు. లేమివలన కలిగిన వాడుక యిది. ఐనను మంచి వాడుకయే.

ఇక మన దేశమునకు వచ్చిన మహమ్మారి మాట. 1918 జూనులో ఇన్ఫ్లుయెంజా బొంబాయి రేవున దిగెను. ఆ యేటి శరదృతువున రెండవమాఱు విజృంభించి దేశమంతయు ప్రాకెను. తక్కువ లెక్క వేసిన వారును మన దేశమున 1 కోటి 20 లక్షలమంది పోయిరని చెప్పుదురు. 1911 నుండి 1921 వఱకు గల పదేండ్లలో దేశ జనసంఖ్య పెరుగుటకు మాఱుగ తగ్గెను. ఆ జ్వరమును కలిగించు సూక్ష్మజీవి మనుష్యులలో కనుగొనబడినదే 1933 లో. టీకా లేదు, తగిన మందు లేదు, మన పల్లెల కందుబాటులో పిల్లల వార్డు అనునది లేదు.

ఆ వ్యాధి ఎక్కువగా కొట్టినది 20 మొదలు 40 ఏండ్ల వయస్సువారిని. మన దేశమున ఆడువారిని మఱింతగా. అనగా చంటిబిడ్డల తల్లులను. రోగము సోకి చనిపోయిన బిడ్డలు కొందఱు. తల్లి పోవుటచేత పాలులేక, చూచు దిక్కులేక కృశించిన బిడ్డలు మఱికొందఱు. పిల్లలకు మహమ్మారి రెండు త్రోవల వచ్చునని ఆ యేడు మనకు తెలిపినది. ఒకటి బిడ్డ యొడలిలోనికి నేరుగా వచ్చు త్రోవ. రెండవది తల్లి మీదుగా వచ్చు త్రోవ. ఈ రెండవదానిని కాచు ఉపాయము తోచుటకు మఱి నూఱేండ్లు పట్టినది.

ఆ తరువాత మన ప్రాంతమున వైద్యవిద్య వేరూనెను. 1923 లో విశాఖపట్టణమున ఆంధ్ర వైద్యకళాశాలయు, కింగు జార్జి ఆసుపత్రియు. 1946 లో గుంటూరు వైద్యకళాశాల. 1953 లో హైదరాబాదున తల్లులకును పిల్లలకును నిలోఫరు ఆసుపత్రి. 1980 లో బెజవాడ సిద్ధార్థ వైద్యకళాశాల ఏర్పడినవి. నిలోఫరు రాకుమారి దాసి కాన్పునందు మరణింపగా, అట్టి చావు మఱొకతెకు రాగూడదని ఆమె పట్టుపట్టుటచే ఆ ఆసుపత్రి పుట్టినది. తల్లి నొకచోట, బిడ్డ నొకచోట చూడక ఒకే కప్పుక్రింద చూచుట దాని పుట్టుకలోనే కలదు.

ఈ నడుమ దూరదేశమున జరిగిన యొక సంగతి చెప్పక తప్పదు. 1952 వేసవి చివర డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్ నగరమున పోలియో చెలరేగెను. ఊపిరి తీయు కండరములు చచ్చుబడిన రోగులు దినదినము ఆసుపత్రికి రాసాగిరి. వారిలో పిల్లలే యెక్కువ. ఊపిరాడించు యంత్రములు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే యుండెను. అప్పుడు ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు గొంతున చిన్న రంధ్రము చేసి, గొట్టము పెట్టి, రబ్బరు తిత్తిని చేతితో నొక్కుచు గాలి నందింపవచ్చునని ఆగస్టు 27 న ఒక పండ్రెండేండ్ల బాలికయందు చూపెను. కాని ఆ తిత్తిని రాత్రింబవళ్ళు నొక్కువా రెవరు? వైద్యవిద్యార్థులు సుమారు 1,500 మంది వంతులవారీగా మంచములప్రక్క కూర్చుండి, వారములతరబడి ఆ పని చేసిరి. అంతకు ముందు అట్టి రోగులలో పదింట ఎనిమిదిమందికి పైగా చనిపోవుచుండగా, ఆ మీదట చావులు బాగుగా తగ్గినవి. నేడు మన ఆసుపత్రులలో అత్యవసర చికిత్సావిభాగ మని పిలుచు గదికి మూలము అదియే. మహమ్మారినాడు ఆసుపత్రిని నిలుపునది యంత్రముకంటె ముందు మనుష్యుని చేయి యని దీనివలన తెలియును.

పోలియోను వార్డులో గెలువలేదు, టీకాగదిలో గెలిచితిమి. మన దేశమున చివరి కేసు 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చి 27 న భారతదేశము పోలియో లేని దేశముల వరుసలో చేర్చబడెను. పిల్లల వైద్యవిభాగ మనిన మంచములును సెలైను సీసాలును మాత్రమే కావు. పల్లె యుపకేంద్రమున వారమున కొకనాడు తెఱచు టీకాపెట్టె కూడ అందు భాగమే. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు; కోవిడ్ కథలో ఇది మరల వచ్చును.

2020 మార్చి 11 న ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొనెను. రెండు నాళ్ళకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్లేగుకాలమున, 1897 లో పుట్టిన అంటువ్యాధుల చట్టమును ఆధారముచేసికొని నియమములు ప్రకటించెను. ఆ పాత చట్టమున వేరుచేయు అధికారము కలదు. తల్లీబిడ్డల మాట లేదు. మార్చి 25 న దేశమంతట రాకపోకలు నిలిచినవి. మా బందరు రోడ్డుమీద పట్టపగలు పిల్లి అడ్డము లేక నడచిపోయెను. బెజవాడ ప్రభుత్వాసుపత్రిని రాష్ట్రపు కోవిడ్ ఆసుపత్రులలో ఒకటిగా నిర్ణయించిరి. హైదరాబాదు వైపు గాంధీ ఆసుపత్రిని అట్లే కోవిడ్‌కు విడిచి, ఆ వ్యాధి సోకిన గర్భిణులకు కాన్పులు అచ్చటనే చేసిరి.

పిల్లల విభాగములు అప్పుడు తమ్ము తాము మార్చుకొన్న తీరు అన్నిచోట్లను ఇంచుమించు ఒక్కటియే. మొదట గుమ్మముకడనే జ్వరము, దగ్గు గల బిడ్డలను ఒక త్రోవను, కడుపునొప్పి, కాలినగాయము మొదలగువారిని వేఱొక త్రోవను పంపిరి. తొందర లేని శస్త్రచికిత్సలను వాయిదా వేసిరి. సిబ్బందిని జట్లుగా విడదీసి, ఒక జట్టు జబ్బుపడినచో మఱొక జట్టు నిలుచునట్లు చేసిరి. ఇంటినుండి అడుగదగిన ప్రశ్నలకు టెలిఫోనులో జవాబు చెప్పసాగిరి. 2020 ఏప్రిలులో మన రాష్ట్రమున 14410 అను సంఖ్యతో అట్టి యేర్పాటు జరిగెను. నఖశిఖపర్యంతము తొడుగు వేసికొన్న నర్సును చూచి పసివాడు జడుసుకొనును గదా. పెక్కు దేశములలో నర్సులు తమ నవ్వుమొగపు బొమ్మను రొమ్ముపై అంటించుకొని మంచముకడకు పోయిరి. చిన్న పనియే, కాని బిడ్డ చేయి చాపి మందు త్రాగుటకు అదియు కావలసివచ్చెను.

తల్లిమాట యేమయ్యెను? పెద్దల కోవిడ్ వార్డులో బంధువులను రానీయలేదు; కడచూపు నోచుకొనని కుటుంబములు మన జిల్లాలో ఎన్నో కలవు. పిల్లల విషయమున అట్లు సాగలేదు. ఒక బిడ్డకు ఒక మనిషి, మాటిమాటికి మారని మనిషి, ముఖమునకు గుడ్డతో తోడుండవచ్చునని ఒప్పుకొనిరి. అప్పుడే పుట్టిన శిశువుల విషయమున మాత్రము ప్రపంచమంతట తడబాటు కలిగెను. వ్యాధి సోకిన తల్లినుండి శిశువును పుట్టిన గంటకే తీసివేసిన ఆసుపత్రులు పలుదేశములలో ఉండినవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని కూడదనెను. తల్లి ముఖమునకు గుడ్డ కట్టికొని, చేతులు కడుగుకొని, బిడ్డకు పాలీయవచ్చును, రొమ్మునకు హత్తుకొనవచ్చును అని చెప్పెను. నెల తక్కువ బిడ్డలను తల్లి రొమ్మున కానించి వెచ్చగా ఉంచు పద్ధతి 1978 లో కొలంబియా దేశమున, వెచ్చని పెట్టెలు చాలనందున మొదలైనది. దానికి కంగారూ పద్ధతియని పేరు. ఆ పద్ధతి అంతట సాగినచో 1,25,000 కు పైగా శిశువులు బ్రతుకుదురనియు, తల్లినుండి కోవిడ్ సోకి పోవు శిశువుల సంఖ్య దానిముందు మిక్కిలి స్వల్పమనియు 2021 మార్చిలో ఆ సంస్థ తన లెక్కలను ప్రకటించెను. వేపమండలు కట్టిన మన యిల్లాలికి ఈ లెక్క క్రొత్త కాకపోవచ్చును.

రెండవ సంగతి రాని బిడ్డలది. కోవిడ్ భయమున ఆసుపత్రి గడప తొక్కని బిడ్డల పేరు ఏ రిజిస్టరులోను ఉండదు. దేశమున డి.పి.టి. టీకా మొదటి మోతాదు అందని శిశువులు 2019 లో సుమారు 14 లక్షలుండగా, 2020 లో సుమారు 30 లక్షలైరి. ఆ టీకా కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములనుండి కాపాడునది. కోవిడ్ పసివారిని చాలవఱకు వదలిపెట్టెను. ఈ పాత శత్రువులు వదలిపెట్టునవి కావు. టీకాలు వెనుకబడిన దాని ఫలము 2022 చివర ముంబయిలో కనబడెను; పొంగు చెలరేగి పసిబిడ్డల ప్రాణములు తీసెను. కావున పిల్లల విభాగము మహమ్మారితో పోరాడుటయే గాక, మహమ్మారి నడుమ తన పాతపనిని విడువకుండుటయు ఒక విద్యయే. ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ఎండలో ఇల్లిల్లు తిరిగి తేది దాటిన బిడ్డలను వెదకి తెచ్చిరి. వారి శ్రమను మనము తగినంతగా చెప్పుకొనలేదు.

2021 వేసవి రెండవ విజృంభణమున ప్రాణవాయువునకై పడిన పాట్లు మీకందఱకు తెలిసినవే. అది తగ్గుచుండగనే మూడవమాఱు వచ్చు ఉప్పెన పిల్లలమీద పడునను వదంతి పుట్టెను. నిలోఫరు ఆసుపత్రిని తెలంగాణమున పిల్లల కోవిడ్ చికిత్సకు కేంద్రముగా సిద్ధపఱచిరి. మన రాష్ట్రమున జూనులో ఒక మంచి ఉత్తరువు వెలువడెను: అయిదేండ్లలోపు బిడ్డలుగల తల్లులకు, వారి వయస్సు 45 కు తక్కువైనను, ముందుగా కోవిడ్ టీకా వేయవలెనని. పిల్లలకు అప్పటికి టీకా లేదు. బిడ్డ ఆసుపత్రిలో చేరినచో ప్రక్కన ఉండవలసినది తల్లి. ఆమెను కాపాడిన, బిడ్డ తోడు కాపాడబడును. 1918 లో తల్లి మీదుగా వచ్చిన రెండవ త్రోవను ఈ ఉత్తరువు మూసినది. ఆసుపత్రి తల్లిని బయట నిలుపుటకు మాఱుగ, ఆమె లోపలికి వచ్చుటకు తగినట్లు ఆమెను సిద్ధముచేసినది.

ఆ జూనులోనే కేంద్ర ఆరోగ్యశాఖ వైద్యాధికారులు పిల్లలకు మితిమీరిన మందులు వలదని సూచించిరి. రెమ్‌డెసివిర్ పిల్లలకు సిఫారసు చేయలేదు. తేలిక జబ్బున స్టెరాయిడులు హాని యనిరి. ఊరక స్కానులు తీయవలదనిరి. అయిదేండ్లు, ఆ లోపు బిడ్డలకు ముఖమునకు గుడ్డ అవసరము లేదనిరి. ఆ జూను, జూలై నెలలలో దేశమున 70 జిల్లాలలో రక్తపరీక్షలు జరిగినవి. మన కృష్ణా జిల్లా అందొకటి. 6 మొదలు 9 ఏండ్లవారిలో నూటికి 57 మందికిని, 10 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి 61 మందికిని పైగా ఆ వ్యాధి అప్పటికే సోకిపోయిన గుర్తులు కనబడినవి. అనగా ఉప్పెన పిల్లలను తాకియే యుండెను. చాలమందికి తెలియకనే దాటిపోయెను. 2022 జనవరిలో మూడవ విజృంభణము వచ్చినది గాని వదంతి చెప్పినట్లు పిల్లల వార్డులు పొంగిపొరలలేదు.

ఐనను నిర్లక్ష్యమునకు తావు లేదు. కోవిడ్ సోకిన రెండు మొదలు ఆరు వారములకు కొలదిమంది పిల్లలలో విడువని జ్వరము, ఒంటిమీద దద్దు, కండ్లెఱుపు, కడుపునొప్పి కనబడి, గుండెకు ముప్పు తెచ్చు క్రొత్తజబ్బును 2020 ఏప్రిలులో ఇంగ్లండు వైద్యులు గుర్తించిరి. వేళకు తెచ్చిన బిడ్డలు చాలవఱకు కోలుకొనిరి. వేళ మించినచోటనే ఆపద. తరువాత పిల్లలకును టీకా వచ్చెను: 2022 జనవరి 3 న 15 ఏండ్లు దాటిన వారికి, మార్చి 16 న 12 ఏండ్లు దాటిన వారికి. ఆ రెండు టీకాలును హైదరాబాదు సంస్థలు తయారుచేసినవే. ఆ జనవరి 10 న మన రాష్ట్రమున 144 ప్రాణవాయు ఉత్పత్తి కేంద్రములు ప్రారంభమైనవి. యంత్రములు వచ్చినవి, వానిని నడుపు చేతులు, ముఖ్యముగా పసిబిడ్డల ఉపచారము నేర్చిన నర్సులు, ఎప్పుడును చాలినంతమంది యుండవలెను. కోపెన్‌హేగెన్ విద్యార్థులు నేర్పిన పాఠ మదియే.

పెద్దలారా, మహమ్మారులు మరల రావని ఎవరును హామీ ఈయలేరు. వచ్చిననాడు ఆసుపత్రివారు చేయవలసినది వారు చేయుదురు. చేయనిచో అడుగు హక్కు మనకు కలదు. బిడ్డతో ఒక మనిషిని ఉండనిత్తురా యని అడుగుడు. పాలిచ్చు తల్లిని వేరు చేయవలదని అడుగుడు. ఇంటిలో చేయవలసినది మీ చేతిలోనిది. చంటిబిడ్డ పాలు మానినను, మగతగా నున్నను, డొక్క లెగురవేసినను, రెండు నాళ్ళు చూతమనకుడు. టీకా తేది వచ్చిననాడు వీథిలో వ్యాధి యున్నదని బిడ్డను దాచకుడు. ఏ వేళకు రావలెనో అడిగి పంపుడు. కోడలికి జ్వరము వచ్చినదని చంటిబిడ్డను ఆమె యొడినుండి లాగకుడు. ఆమె ముఖమునకు గుడ్డ కట్టి, చేతులకు సబ్బిచ్చి, ఆమెకు వేళకు అన్నము పెట్టుడు. రెండువందల యేండ్లనుండి పిల్లల ఆసుపత్రులు చాల ఖరీదు పెట్టి నేర్చుకొన్నది ఇంతే: తలుపు ఊరికి మూయుడు, తల్లికి మూయకుడు.